వాస్తవ పరిమాణ గుంత

గవర్రాజుకి లోకంలో చాలామంది మీద చిరాకుంది. కక్ష మాత్రం ఒక్కరి మీదే. ఆయన తాటిమెరక హైస్కూలు సైన్సు మాస్టారు కమలాకరంగారు. చిరాకు వేరు, కక్ష వేరు. చిరాకు దోమ మీద కూడా వస్తుంది, కొడితే పోతుంది. కక్షని అలా వదిలేస్తే కుదరదు, రుబ్బిన పిండిలాగా పొద్దునా సాయంత్రం చూసుకోవాలి. గవర్రాజు చూసుకుంటున్నాడు. కమలాకరంగారు బండి దగ్గరికొచ్చి, "ఒక ఉప్మా పెసరట్టు గవర్రాజూ" అన్నప్పుడల్లా అట్లకాడతో పెనాన్ని టంగుమని ఒకటి కొట్టి, ఆ తరవాతే పిండి పోస్తాడు. మాస్టారు దాన్ని మర్యాద అనుకుంటారు. చదువుకున్నవాళ్ల సుఖమే వేరు.

గవర్రాజుది తాటిమెరక సెంటర్లో, బస్సులు ఆగేచోట, పెసరట్ల బండి. ఏడో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. అందుచేత చదువుకున్నవాళ్లంటే భయం. ఆ భయానికి గౌరవం అని పేరు పెట్టుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు. పద్దెనిమిదేళ్లు పొయ్యి ముందు నిలబడి, అట్టు వెనకాల అట్టు తిరగేసి, సెంటరుకి కూతవేటు దూరంలో రోడ్డు పక్కన కాస్త స్థలం కొన్నాడు. అందులో హోటలు కట్టాలి. రేకుల పాక కాదు, శ్లాబు వెయ్యాలి. జనం నిలబడి మింగడం కాదు, కూర్చుని తినాలి. గోడకి అద్దం ఉండాలి, చెయ్యి కడుక్కున్నవాడు అందులో చూసుకుని తల దువ్వుకోవాలి. ఇటుకలు దింపించాడు. పంతులుగారిచేత పునాదికి ముహూర్తం పెట్టించాడు. ఇక ఆ మనిషికీ ఆ హోటలుకీ మధ్య అడ్డమంటూ ఏమీ లేదు, ఒక్క సైన్సు తప్ప.

సైన్సు ఇంట్లోనే పుట్టింది. కూతురు లోవకుమారి ఎనిమిదో తరగతి చదువుతోంది. బండి దగ్గర అంట్లు కడిగిన నీళ్లు రోడ్డు మీదికి పారి బురద కావడం, వచ్చేపోయేవాళ్లు ప్యాంట్లు పైకెత్తుకుని తిట్టుకుంటూ దాటడం ఆ పిల్ల చిన్నప్పట్నుంచీ చూస్తోంది. పోయిన వానాకాలం ఒక పాత ప్లాస్టిక్ బకెట్టుకి అడుగున చిల్లులు పెట్టింది. లోపల ఇసక పోసి అంట్ల నీళ్లు పోసింది. చిల్లులు పూడుకుపోయాయి. ఇసక తీసేసి అడుగున కంకర, దాని మీద బొగ్గులు, ఆ పైన ఇసక వేసి చూసింది. ఈసారి నీళ్లు దిగాయి గానీ, నూనె జిడ్డు మీగడలా పైన కట్టి మర్నాటికి మళ్లీ ఆగిపోయాయి. అప్పుడు కొబ్బరిపీచు తెచ్చి అన్నిటికన్నా పైన పరిచింది. జిడ్డు పీచుకి పట్టుకుంది. నీళ్లు గుటకవేసినట్టు దిగిపోయాయి. పీచు మారిస్తే చాలు.

"ఎంచక్కా ఇంకుతోంది నాన్నా. ఇది సైన్సు ప్రదర్శనకి పెడతాను" అంది.

"పెట్టుకో అమ్మలూ. బకెట్టు మాత్రం మళ్లీ ఇంటికి తెచ్చెయ్యి" అన్నాడు గవర్రాజు. అంతటితో అయిపోవలసిన కథ ఇది.

సరిగ్గా ఆ వారంలోనే కొత్త నిబంధన వచ్చింది.

దాని పుట్టుక ఇలా ఉంది. కిందటేడు జిల్లా ప్రదర్శనకి వచ్చిన ముఖ్య అతిథిగారు ఒక పిల్ల చేసిన ఆనకట్ట ముందు ఆగి, దీని కింద ఎన్ని ఎకరాలు పారుతుందమ్మా అని అడిగారు. ఆ పిల్ల చిన్నది కనక నిజం చెప్పేసింది. అట్టముక్కలతో చేశానండీ, ఏమీ పారదండీ అంది. ముఖ్య అతిథిగారు నొచ్చుకున్నారు. ప్రజల డబ్బుతో ప్రదర్శన పెట్టి, ఒక్క ఎకరమైనా పారని ఆనకట్టలు చూపిస్తారా అని వేదిక మీదే అడిగారు. జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనల సమన్వయాధికారి విశ్వంభరంగారు ఆ మాటని ఏడాదిపాటు మనసులో పెట్టుకుని, మథించి, ఉత్తర్వు తీశారు. ఇకమీదట ఏ నమూనా అయినా అసలు వస్తువు ఎంతుంటుందో అంతే ఉండవలెను. ఆటబొమ్మలను ఉపేక్షించడం జరగదు.

దెబ్బకి హైస్కూల్లో సౌరకుటుంబం ఆగిపోయింది. అగ్నిపర్వతం కోసం మట్టి పిసికిన పిల్లలు చేతులు కడుక్కున్నారు. కమలాకరంగారు నిబంధనకి ఎదురుచెప్పే మనిషి కారు, అయినా పిల్లల ఏడుపు చూడలేక ఒక సందేహం రాసి పంపారు. దానికి జవాబు కూడా వచ్చింది. "సూర్యుని విషయమై పై అధికారుల స్పష్టత కోరడమైనది. స్పష్టత వెలువడే వరకు సౌరకుటుంబమును నిలుపుదల చేయవలెను."

తెలివైన స్కూళ్లు వెంటనే చిన్న వస్తువుల మీద పడ్డాయి. చీమ, ఆవగింజ, పిన్నీసు. జిల్లా అంతటా పిన్నీసులకి గిరాకీ వచ్చింది. తాటిమెరక హైస్కూలుకి ఆ తెలివి తట్టేసరికి పిన్నీసు ఇంకెవరూ తీసుకోకూడదని మరో ఉత్తర్వు వచ్చేసింది. మిగిలింది లోవకుమారి బకెట్టొక్కటే.

కమలాకరంగారు బండి దగ్గరికొచ్చారు. అట్టు తింటూ విషయం చెప్పారు.

"బకెట్టు చెల్లదు గవర్రాజూ. ఇంకుడుగుంత అంటే గుంతే ఉండాలి. మనిషి దిగేంత."

"అయితే మానేస్తుందిలెండి మాస్టారూ. చిన్నపిల్ల."

"మానేస్తే ఎలా? మన స్కూలు నుంచి ఒక్క నమూనా కూడా వెళ్లకపోతే నన్ను వివరణ అడుగుతారు. నీకు రోడ్డు పక్కన స్థలం ఉందిగా. ఓ గుంత తవ్వు. ప్రదర్శన అయిపోగానే పూడ్చేసుకోవచ్చు."

పూడ్చేసుకోవచ్చు. గవర్రాజు కక్షంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

పునాది ముహూర్తం వాయిదా వేసి గునపం పట్టాడు. ఓ మూల తవ్వుదామనుకున్నాడు. కమలాకరంగారు ఒప్పుకోలేదు. న్యాయనిర్ణేతలు నాలుగు వైపులా నిలబడి చూడాలి కాబట్టి సరిగ్గా మధ్యలో ఉండాలన్నారు. నూకరత్నం కొంగు నడుంకి దోపి, తట్ట నెత్తికెత్తుకుంటూ మొగుడి వైపు చూసింది.

"హోటలు కడతానని గుంత తవ్వుతున్నావేంటయ్యా?"

"పునాదికైనా తవ్వాలిగా. కాస్త ముందు తవ్వాననుకో."

"పునాది అంచుల్లో తవ్వుతారు. నడిమధ్యలో ఆరడుగులు తవ్వేది వేరేదానికి."

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు."

"నా నోరు మంచిదే. నీ చెవులే, మాస్టారి మాటొక్కటే వింటాయి."

లోవకుమారి మాత్రం గట్టున కూర్చుని లెక్క చెబుతూనే ఉంది. ఇంత మందం కంకర, ఇంత బొగ్గు, ఇంత ఇసక. బండి పొయ్యిలో బొగ్గులు చాలక ఇస్త్రీ బండివాడి దగ్గర తెచ్చారు. పీచు కొబ్బరి దింపులవాళ్లు ఊరికే ఇచ్చారు. గుంత అందంగానే వచ్చింది. గవర్రాజు ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, సాయంత్రం బండి కట్టేశాక ఒక చెంబు నీళ్లు పోసి అవి మాయమవడం చూసి, ఇంకో చెంబు పోశాడు.

అప్పుడు రెండో చిక్కు వచ్చింది. నమూనాలన్నీ ప్రదర్శన రోజుకి ముందే జిల్లా కేంద్రానికి చేర్చాలి. కమలాకరంగారు ఫోన్ చేసి, సార్ మాది గుంతండీ అన్నారు. ఏదైనా సరే, నమూనా కార్యాలయానికి చేరాల్సిందే, గుంతలకి ప్రత్యేక మినహాయింపు లేదు అని జవాబు వచ్చింది. మాస్టారు ఆ జవాబు తెచ్చి గవర్రాజు చేతిలో పెట్టారు. ఆయనకి చిక్కులన్నీ అక్కడ పెట్టడం అలవాటైపోయింది.

గవర్రాజు రాత్రి పిండి రుబ్బుకుంటూ ఆలోచించాడు. పొద్దున్నే ట్రాక్టరు మాట్లాడాడు. గుంతలోంచి తీసిన మట్టంతా ట్రక్కులోకి ఎత్తించాడు. ఒక్క పెడ్డ వదల్లేదు. కూతుర్నీ మాస్టార్నీ ఇంజను మీద కూర్చోబెట్టి, తను మట్టి మీద కూర్చుని జిల్లా కేంద్రానికి వెళ్లాడు.

గేటు దగ్గర విశ్వంభరంగారే స్వయంగా ఉన్నారు. బట్టతల, మెడలో రిబ్బను బిళ్ల, చేతిలో కర్ర స్కేలు. పిన్నీసుల పొడవు కొలుస్తున్నారు.

"ఏమిటిది?"

"గుంతండీ. తాటిమెరక హైస్కూలండీ" అన్నాడు గవర్రాజు కిందికి దిగి.

విశ్వంభరంగారు ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగారు. "ఇది కుప్ప."

"గుంతలోంచి వచ్చిందేనండీ, ఆయ్. ఎంత గుంతో అంత మట్టి. ఒక్క తట్ట కూడా తగ్గలేదండీ."

"పరిమాణం విషయంలో మాకు అభ్యంతరం లేదు. దిశ విషయంలో ఉంది. గుంత అనునది కిందికి ఉంటుంది. ఇది పైకి ఉంది."

"తిరగేస్తే సరిపోద్దాండీ?"

విశ్వంభరంగారు ఆ ప్రతిపాదనని నిజంగానే పరిశీలించారు. గుమస్తాని పిలిచి అభిప్రాయం అడిగారు. గుమస్తా తలగోక్కుని, పూర్వ దాఖలాలు లేవు సార్ అన్నాడు. అప్పుడు లోవకుమారి ఇంజను మీంచి దిగింది.

"సార్, గుంత మా స్థలంలోనే ఉందండి. అది రాలేదండి. మీరొస్తే చూపిస్తానండి."

మాస్టారి మొహం పాలిపోయింది. కానీ విశ్వంభరంగారి మొహంలో వెలుగొచ్చింది. ఆయన ఉద్యోగంలో చేరిన నాటి నుంచి తన పేరు నిలబెట్టే ఉత్తర్వు ఒకటి కోసం ఎదురుచూస్తున్నారు. అక్కడికక్కడే గుమస్తాకి చెప్పి రాయించారు. "నమూనా ప్రదర్శన వద్దకు రాలేని పక్షమున, ప్రదర్శనయే నమూనా వద్దకు తరలి వెళ్లును." రాయించి, తలెత్తి, "దీన్నే వికేంద్రీకరణ అంటారు" అన్నారు.

మట్టి మాత్రం తిరిగి తీసుకెళ్లనివ్వలేదు. గేటు లోపలికొచ్చిన వస్తువు విచారణ తేలేదాకా కదలకూడదట.

అలా జిల్లా వైజ్ఞానిక ప్రదర్శన మొత్తం గవర్రాజు స్థలంలోకి వచ్చిపడింది. రోడ్డు మీద షామియానా వేశారు. హోటలుకి దింపించిన ఇటుకలన్నీ పేర్చి వేదిక కట్టారు. మిగిలిన ఇటుకల మీద బల్లలు నిలబెట్టారు. గుంత చుట్టూ ముగ్గు వేశారు. గవర్రాజు అడ్డుచెప్పలేదు. పెద్దవాళ్లు తన స్థలంలో చెప్పులతో తిరుగుతుంటే అతనికి లోపల ఒక పక్క ఉడుకు, ఇంకో పక్క గర్వం. బండి తెచ్చి షామియానా పక్కనే పెట్టుకుని అట్లు వేస్తూ రెండిటినీ సర్దుకున్నాడు.

జనం బల్లల మధ్య తిరుగుతూ ఏమీ కనిపించక ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్నారు. చీమ చరిత్ర పెట్టిన బల్ల మీద చీమ లేదు. ఎటో వెళ్లిపోయింది, కాపలా పిల్లలు బల్ల కింద వెతుకుతున్నారు. ఆవగింజ బల్ల దగ్గర ఎవరో తుమ్మారు, ఆ నమూనా కూడా పోయింది. అన్నిటికన్నా పెద్ద గుంపు ఒక పేరున్న ప్రైవేటు స్కూలు బల్ల చుట్టూ ఉంది. దాని మీద ఖాళీ పళ్లెం పెట్టి, 'సూక్ష్మజీవులు, వాస్తవ పరిమాణం' అని రాశారు. న్యాయనిర్ణేతలు ఆ పళ్లెం ముందు చాలాసేపు నిలబడి, ఒకరి చెవిలో ఒకరు మెచ్చుకున్నారు. నూకరత్నం కూడా చూసొచ్చింది.

"మనింట్లో ఇలాంటి పళ్లేలు ఎన్ని లేవు, నేను అనవసరంగా కడుగుతున్నాను" అంది.

కమలాకరంగారు అట్టు కోసం వచ్చారు. మొహంలో కాస్త ఇబ్బంది ఉంది.

"గవర్రాజూ, ఒక్క మాట. మొదటి బహుమతి వచ్చిన నమూనాని తిరిగివ్వరు. శాఖవాళ్లే ఉంచేసుకుంటారు. ఎప్పుడూ ఉన్నదే. తిట్లు తిన్నా మొదటిదొచ్చిన కిందటేటి అట్ట ఆనకట్ట కూడా వాళ్ల మ్యూజియం గదిలోనే ఉంది."

అట్టు మాడింది. గవర్రాజు తిరగెయ్యలేదు.

"మరి పూడ్చేసుకోవచ్చన్నారు?"

"రెండోది వస్తే పూడ్చేసుకోవచ్చు. మనకి మొదటిది వస్తుందని నేననుకోలేదయ్యా."

"ఇప్పుడెందుకనుకుంటున్నారండీ?"

"మిగతావి చూసొచ్చాను" అన్నారు మాస్టారు.

గవర్రాజుకి చదువు లేకపోయినా ఆ లెక్క తెలిసింది. గుంత పనిచేస్తే స్థలం పోతుంది. పనిచెయ్యకపోతే ఉంటుంది. పొయ్యి తగ్గించి, పెసల గోనెసంచి ఒకటి తీసుకుని, దాంట్లో కాలవగట్టు బంకమన్ను కొంత కుక్కాడు. పీచు కింద దీన్ని ఒకసారి తొక్కితే చాలు, నీళ్లు చచ్చినా దిగవు. సంచి చంకన పెట్టుకుని గుంత గట్టున నిలబడ్డాడు. అందరూ ముఖ్య అతిథిగారి దండల హడావిడిలో ఉన్నారు. అటు చూసేవాళ్లు లేరు.

నీళ్ల పరీక్ష ముందు పెట్టారు. లోవకుమారి బకెట్టు పట్టుకొచ్చింది.

"బకెట్టుతో పోస్తే అది వర్షం కాదమ్మా" అన్నారు విశ్వంభరంగారు. "నిబంధన అందరికీ ఒకటే. వర్షం కూడా వాస్తవ పరిమాణంలోనే ఉండాలి. అగ్నిమాపక శకటమును రప్పించడమైనది."

ఎర్రబండి రోడ్డు మీద ఆగి గొట్టం విప్పుతోంది. ఈలోగా ముఖ్య అతిథిగారు వంగి, "ఈ గుంత ఎందుకు చేశావమ్మా?" అని అడిగారు. పిల్లకి కమలాకరంగారు భూగర్భ జలాల మీద రెండు పేజీలు బట్టీ పట్టించారు. ఆ పిల్ల అదంతా వదిలేసింది.

"మా నాన్నగారి బండి దగ్గర అంట్లు కడిగిన నీళ్లు రోడ్డు మీదికి పోతాయండి. దాటేవాళ్లందరూ మా నాన్నని తిడతారండి. తిరిగి ఏమీ అనరండి మా నాన్న. నేను పక్కనుంటే మాత్రం బండి మీద రేడియోలో పాట పెంచుతారండి, నాకు వినపడకుండా. అందుకని చేశానండి."

గవర్రాజు ఆ మాటలు విన్నాడు. పిల్లకి వినపడ్డాయని అతనికి ఇన్నాళ్లూ తెలీదు. సంచిలో మన్ను గుంతకి దూరంగా, రోడ్డవతల గుమ్మరించేశాడు. ఖాళీ గోనెని మూల మడిచి కొప్పెరలా నెత్తిన వేసుకున్నాడు, పొలంలో వాన వస్తే వేసుకునేటట్టు.

"పొయ్యండి బాబూ, గట్టిగా పొయ్యండి" అన్నాడు ఎర్రబండి వాళ్లతో.

పోశారు. అది తాటిమెరక చరిత్రలో పొద్దున్నే అరచేతి వెడల్పు మబ్బు కూడా లేకుండా కురిసిన పెద్ద వాన. షామియానా జల్లెడైంది. వేదిక మీద ఉన్నవాళ్లు కుర్చీలు నెత్తిన పెట్టుకున్నారు. స్థలమంతా చెరువైంది. ఆ చెరువు ఒక్కసారి గిర్రున తిరిగి, గుంత వైపు నడిచి, ఆకలిగా ఉన్నవాడు అంబలి తాగినట్టు గుటగుటమంటూ దిగిపోయింది. కాసేపటికి నేల మీద మెరుపు తప్ప నీళ్లు లేవు. లోవకుమారి చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. గోనె కింద గవర్రాజు కూడా కొట్టాడు.

ఆ ప్రైవేటు స్కూలు హెడ్మాస్టరు ఒక్కరు మాత్రం పళ్లెం చేత్తో పట్టుకుని వచ్చి, మా నమూనా కొట్టుకుపోయిందండీ, కొన్ని కోట్ల జీవాలు గల్లంతయ్యాయి అని ఫిర్యాదు చేశారు. విచారం ప్రకటించి వాళ్లకి రెండో బహుమతి ఇచ్చారు.

మొదటిది ఎవరికో చెప్పనక్కర్లేదు. కప్పు ఇచ్చారు, కాగితం ఇచ్చారు, దండ వేశారు. దండ వేస్తుండగానే టేపు పట్టుకుని సర్వేయరు గుంతలోకి దిగాడు.

గవర్రాజు గోనె తీసి చేత్తో పట్టుకుని విశ్వంభరంగారి ముందు నిలబడ్డాడు.

"అయ్యా, గుంత మీరు తీసుకోండి. నేల నాదండీ. నా నేల నాకొదిలేసి గుంత పట్టుకెళ్లండి."

"చూడండి గవర్రాజుగారూ. భావోద్వేగాలు వద్దు, శాస్త్రీయంగా ఆలోచిద్దాం. గుంత అంటే ఏమిటి?"

"తవ్విందండీ."

"నేల లేకపోవడం. మేము తీసుకుంటున్నది మీ నేల లేని చోటును మాత్రమే. లేని దాని మీద మీకు హక్కు ఎలా సంక్రమిస్తుంది?"

గవర్రాజు ఆలోచించాడు. తప్పు ఎక్కడుందో తెలుస్తోంది, చేతికి దొరకడం లేదు. ఏడో తరగతి పూర్తి చేసి ఉంటే దొరికేదేమో.

"లేనిదాన్ని మీరు మాత్రం ఎలా పట్టుకెళ్తారండీ?" అన్నాడు.

"పట్టుకెళ్లం. నమూనా రాలేని పక్షమున మ్యూజియమే నమూనా వద్దకు వచ్చును. మీ సందర్భంలోనే తీసిన ఉత్తర్వు కదా, మరిచిపోయారా?"

"అయితే పూడ్చేస్తాను."

"ప్రభుత్వ ఆస్తిలో మట్టి వేయుట నేరం. అయినా మట్టి ఏది? మా దగ్గర విచారణలో ఉంది."

సర్వేయరు గుంతని కొలిచాడు. గుంతని చూడటానికి వచ్చేవాళ్లు నిలబడే చోటు కొలిచాడు. వాళ్లు చెప్పులు విడిచే చోటు, రాష్ట్రస్థాయి వాళ్లొస్తే కార్లు తిప్పుకునే చోటు, కాపలావాడి గది, ఆ కాపలావాడు రాత్రి పూట గుంతలో పడకుండా వేసే కంచె, అన్నీ కొలిచాడు. గుంత చిన్నదే. దాన్ని గౌరవించడానికే చోటు ఎక్కువ పట్టింది. పద్ధతి ప్రకారం గవర్రాజుకి పరిహారం కూడా ఉందన్నారు, కానీ పరిహారం కట్టేది నేలకి. గుంతకి రేటు ఇంకా ఖరారు కాలేదు.

సాయంత్రం శాఖవాళ్లు ఇటుకలు లారీలో ఎక్కించుకుంటూ, ఇవి వేదిక కదా, వేదిక ప్రభుత్వానిది అన్నారు. గవర్రాజు అక్కడ మాత్రం గొడవ పెట్టుకున్నాడు. నూకరత్నం అట్లకాడ తీసుకుని ముందుకొచ్చాక ఇటుకలు వదిలేశారు.

ఇంటికెళ్తూ లోవకుమారి కప్పు ఒళ్లో పెట్టుకుని బండి అంచున కూర్చుంది.

"నాన్నా, హోటలు ఎప్పుడు కడదాం?"

"నువ్వు కట్టించు, పెద్దయ్యాక."

"అసలు సైజులోనా?"

"కాస్త చిన్నదే కట్టించు. పెద్దవైతే వాళ్లకి నచ్చుతున్నాయి."

నూకరత్నం బండి తోస్తూనే నవ్వింది. గవర్రాజు కూడా నవ్వాడు, అయితే కమలాకరంగారు వెనకాల వస్తున్నారేమోనని ఒకసారి తిరిగి చూసుకుని నవ్వాడు.

ఇప్పుడు ఆ స్థలానికి కంచె ఉంది, తాళం ఉంది, లోపల చక్కగా పనిచేసే గుంత ఉంది. ఆదివారాలు స్కూలు పిల్లలు బస్సుల్లో వస్తారు, కంచె బయట నుంచే చూస్తారు, ఆకలేసి బండి దగ్గరికొస్తారు. రోడ్డు వారగా అతనికి మిగిలిన పేలిక మీద బండి సరిగ్గా పడుతుంది, మనిషి మాత్రం పక్కకి తిరిగి నిలబడాలి. పిల్లల వెంట వచ్చిన మాస్టర్లు అట్టు తుంచుకుంటూ, మీ అమ్మాయి సైన్సు కోసం మీరు చాలా ఇచ్చారటగా అంటారు. గవర్రాజు వినయంగా తలూపి, సర్వేయరు రాసిచ్చిన పత్రంలో ఉన్న అంకె ఉన్నట్టుగా చెబుతాడు. రెండు సెంట్ల ముప్ఫై ఆరు గజాలు.